ఆటలో 'అట': రహస్యపాత్రల వీడియో క్రీడల చరిత్రలో మాట, సాక్ష్యం

వ్యాస సంగ్రహం:

కొందరికి రహస్యంగా ద్రోహి పాత్రను అప్పగించి, మిగిలినవారు చర్చించి, ఓటు వేసి వారిని పట్టుకోవలసిన ఆటలను 'సోషల్ డిడక్షన్ గేమ్స్' అంటున్నారు. 1986లో మాస్కోలో రూపొందిన 'మాఫియా' నుంచి 2018లో విడుదలైన 'అమాంగ్ అస్' వరకు, ఆ తరువాత వచ్చిన ఆటల వరకు వీటి చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రను బొమ్మల నాణ్యతతోనో ఆటగాళ్ళ సంఖ్యతోనో కాక, ఆటలో మాటకూ సాక్ష్యానికీ మధ్య మారుతూ వచ్చిన సంబంధంతో అర్థం చేసుకోవాలన్నది ఇందులోని ప్రతిపాదన. విన్నదాన్ని కన్నదాని నుంచి వేరుచేసే తెలుగు పదం 'అట' ఇందుకు విశ్లేషణ సాధనం. ఈ పరిశీలన ఆధారంగా ఆడదగిన ఆటకు కొన్ని ప్రమాణాలను కూడా వ్యాసం సూచిస్తుంది.

కీలక పదాలు: రహస్యపాత్రల ఆటలు, మాఫియా, అమాంగ్ అస్, సాక్ష్యం, వదంతి, అనుకరణార్థక 'అట', వీడియో క్రీడల చరిత్ర.

1. ఉపోద్ఘాతం

వీడియో ఆటల గురించి తెలుగులో వస్తున్న రచనల్లో ఎక్కువ భాగం వ్యసనం, ఆరోగ్యం, చదువుపై ప్రభావం అనే మూడు అంశాల చుట్టూ తిరుగుతుంది. ఆ చర్చ అవసరమే. అయితే ఆటను ఒక రచనారూపంగా, దానికంటూ ఒక వంశక్రమం, నియమశాస్త్రం, భాషావ్యవహారం ఉన్న ప్రక్రియగా చూసే పరిశీలన ఇంకా తగినంతగా జరగలేదు. నాటకాన్నీ హరికథనూ అధ్యయనం చేసే శాస్త్రం మాటే ప్రధానమైన ఆటను అధ్యయనం చేయకపోవడానికి కారణం కనిపించదు. రహస్యపాత్రల ఆటలు అటువంటివి. వీటిలో పరుగు, గురి, వేగం వంటి నైపుణ్యాల పాత్ర తక్కువ. గెలుపోటములు ప్రధానంగా ఎవరు ఏమి చెప్పారు, దాన్ని ఎవరు నమ్మారు అన్నదాని మీద ఆధారపడతాయి.

తెలుగులో 'వాడు వచ్చాడు' అన్న వాక్యానికీ 'వాడు వచ్చాడట' అన్న వాక్యానికీ భేదం చిన్నది కాదు. మొదటి వాక్యానికి పూచీ వక్తదే. రెండవ దానిలో ఆ పూచీ మరెవరికో చెందుతుంది. తెలంగాణ వ్యవహారంలో 'వచ్చిండంట' అన్నప్పుడూ ఇదే జరుగుతుంది. 'అను' ధాతువుతో ముడిపడిన ఈ చిన్న పదం, వక్తకు ఆ సమాచారం ఎలా చేరిందో వాక్యంలోనే నమోదు చేస్తుంది. రహస్యపాత్రల ఆటలో అబద్ధమాడేవాడు చేసే మొదటి పని ఈ 'అట'ను తొలగించడం, అంటే చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం. ఆ ఆటల చరిత్ర మొత్తాన్నీ ఒక ప్రశ్న కిందికి తీసుకురావచ్చు: ఆటగాడికి 'చూశాను' అనే హక్కును ఏ ఆట ఎంతవరకు ఇచ్చింది?

2. పూర్వరూపాలు: గుర్తు పట్టడం, గుర్తులు చదవడం

తెలుగు ఇళ్ళలో వేసవి సెలవుల్లో పిల్లలు ఆడే చీటీల ఆట ఈ కోవకు దగ్గరిది. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు వంటి పేర్లూ వాటి మార్కులూ రాసిన చీటీలను మడిచి వేస్తారు. తలా ఒకటి తీసుకున్నాక, రాముడి చీటీ వచ్చినవాడు బయటపడి సీత ఎవరి దగ్గర ఉందో చెప్పాలి. సరిగా చెబితే అతని మార్కులు నిలుస్తాయి, తప్పితే చేజారుతాయి. ప్రాంతాన్ని బట్టి పేర్లూ లెక్కలూ మారతాయి. ఉత్తర భారతంలో రాజు, మంత్రి, దొంగ, సిపాయి పేర్లతో ఆడేదీ ఇటువంటి ఆటే. ఇందులో రహస్యపాత్ర ఉంది, ఊహ ఉంది. కానీ ఊహించేవాడు ఒక్కడే. చర్చ, ఓటు లేవు. ఒక్క ప్రయత్నంతో ఆట ముగుస్తుంది కనుక అబద్ధం ఎదగడానికి వ్యవధి ఉండదు. అందువల్ల రాముడు ఆధారపడేది ఎదుటివారి ముఖాల మీదనే.

'గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు' అన్న సామెత వెనుక ఉన్న నమ్మకం కూడా ఇదే: తప్పు చేసినవాడి శరీరం వాడిని పట్టిస్తుంది. భారతంలోని నలోపాఖ్యానం ఈ నమ్మకాన్ని మరింత సూక్ష్మంగా పరీక్షిస్తుంది. స్వయంవరంలో నలుని రూపంలోనే నలుగురు దేవతలు కూర్చున్నప్పుడు, దేవతలకు చెమట పట్టదని, రెప్ప వాలదని, పాదాలు నేలను తాకవని, వారి మాలలు వాడవని దమయంతి పెద్దల వల్ల విని ఉన్నది. అయితే విన్న గుర్తులేవీ ఎదుట ఉన్నవారిలో ఆమెకు కనిపించవు. ఆమె తన సత్యాన్ని సాక్షిగా పెట్టి వేడుకున్నాకనే దేవతలు తమ గుర్తులను చూపుతారు. విన్నదానికీ కన్నదానికీ మధ్య ఉన్న ఖాళీని ఆ కథలో సత్యవాక్యం పూరించింది. ఆధునిక ఆటలో ఆ ఖాళీని పూరించేది సత్యవాక్యం కాదు, మెజారిటీ ఓటు. సమస్య అక్కడ మొదలవుతుంది.

3. మాస్కో, 1986: ఎవరూ చూడని రాత్రి

ఈ ఆటలకు ఆధునిక రూపాన్ని ఇచ్చినవాడు మాస్కో రాజ్య విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగానికి చెందిన దిమిత్రీ దవీదోవ్. మనస్తత్వశాస్త్ర పరిశోధననూ పాఠశాల విద్యార్థుల బోధననూ కలుపుతూ 1986లో ఆయన 'మాఫియా'ను రూపొందించాడు. విశ్వవిద్యాలయ తరగతులు, వసతిగృహాలు, వేసవి శిబిరాల మీదుగా అది సోవియట్ యూనియన్‌లోనూ, తరువాత ఇతర దేశాలలోనూ వ్యాపించింది. దీనికి పలక, పావు, పాచిక ఏవీ అక్కరలేదు. 'రాత్రి' అనగానే అందరూ కళ్ళు మూసుకుంటారు. మాఫియా సభ్యులు మాత్రం కళ్ళు తెరిచి, మౌనంగా ఒక పౌరుణ్ణి ఎంచుకుంటారు. 'పగలు' కాగానే నిర్వాహకుడు చనిపోయినవారి పేరు ప్రకటిస్తాడు. బతికి ఉన్నవారు చర్చించి, అనుమానితుణ్ణి ఓటుతో తొలగిస్తారు. ఒక పక్షం మిగిలేవరకు రాత్రీ పగలూ ఇలా సాగుతాయి.

దవీదోవ్ ఆటలోని మూలసూత్రం విషయం తెలిసిన అల్పసంఖ్యాకులకూ తెలియని అధికసంఖ్యాకులకూ మధ్య పోరు. మాఫియా సభ్యులకు తమవారెవరో తెలుసు. పౌరుడికి తన గురించి తప్ప ఏమీ తెలియదు. రాత్రి అందరి కళ్ళూ మూసి ఉంటాయి కనుక ఈ ఆటలో 'చూశాను' అనగల పౌరుడే లేడు. చర్చలో వినిపించేవన్నీ అంచనాలు, వాటిపై అంచనాలు మాత్రమే. మాటకు ఆధారంగా మరో మాట తప్ప వేరే వస్తువు లేని స్థితి ఇది.

ఈ స్థితి ఎవరికి అనుకూలం? ఒక చిన్న లెక్క చూద్దాం. మాఫియా సభ్యుడు ఒక్కడే, ఆట పగటితో మొదలవుతుంది, చర్చ వల్ల ఏ ప్రయోజనమూ లేక ఓటు చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా పడుతుంది అనుకుందాం. ముగ్గురు ఆడితే మాఫియా దొరికిపోయే అవకాశం 3లో 1, గెలిచే అవకాశం 3లో 2. ఐదుగురైతే అతను మొదటి పగలు తప్పించుకునే అవకాశం 5లో 4. ఆ పగలు ఒకరు, రాత్రి ఒకరు పోగా ముగ్గురు మిగులుతారు. కనుక గెలుపు అవకాశం 15లో 8, అంటే సుమారు 53 శాతం. ఏడుగురైతే ఇది 35లో 16కు, సుమారు 46 శాతానికి తగ్గుతుంది. అంటే ఆరుగురు నిజాయతీపరుల మధ్య ఉన్న ఒక్క అబద్ధీకుడు, ఏ వాక్చాతుర్యమూ లేకుండానే, దాదాపు సగం ఆటలు గెలుస్తాడు. అంతకంటే ఆశ్చర్యకరమైనది మరొకటి. ఐదుగురి ఆటలో అదనంగా ఒక పౌరుణ్ణి చేర్చి ఆరుగురిని చేస్తే, మాఫియా గెలిచే అవకాశం 62.5 శాతానికి పెరుగుతుంది. సరిసంఖ్యతో మొదలైన ఆటలో పౌరులకు ఓటు వేసే పగళ్ళు పెరగవు, తప్పుగా ఎంచుకోగల మనుషులు మాత్రం పెరుగుతారు.

2008లో మార్క్ బ్రేవర్మన్, ఒమిద్ ఎతెసామి, ఎల్కనన్ మోసెల్ ఈ ఆటపై ఒక గణితశాస్త్ర పత్రం ప్రచురించారు. పౌరులకు సమాచారం ఇచ్చే డిటెక్టివ్ లేని ఆటలో, మాఫియా సంఖ్య మొత్తం ఆటగాళ్ళ సంఖ్య వర్గమూలం స్థాయిలో ఉంటే చాలు, ఇరుపక్షాలకూ పోల్చదగిన అవకాశాలు ఉంటాయని వారు చూపారు. డిటెక్టివ్ ఉంటే సమతౌల్యానికి మాఫియా సంఖ్య మొత్తంలో ఒక స్థిరమైన నిష్పత్తి వరకు పెరగాలి. సమాచారం తెలిసిన ఒకే ఒక్క పౌరుడు ఆట స్వరూపాన్నే మారుస్తాడన్నమాట. ముఖం చూసి దొంగను పట్టగలమని ఆటగాళ్ళు చెప్పుకొనే గొప్పలను ఈ నేపథ్యంలో తూచి చూడాలి. ఫలితాన్ని శాసించేది చాలావరకు ముఖపరిశీలన కాదు, సమాచార పంపిణీ.

4. బల్ల మీద పేరుకున్న సాక్ష్యం

1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అనే అమెరికన్ రచయిత ఈ ఆటకు తోడేలు మనిషి కథను తొడిగాడు. పగలు మామూలు మనిషిలా తిరుగుతూ రాత్రి వేటాడే శత్రువు అన్న భావనకు నేరముఠా కంటే తోడేలు మనిషే సరిగ్గా నప్పుతాడని ఆయన భావించాడు. 'వేర్‌వుల్ఫ్' పేరుతో ఆట సాంకేతిక నిపుణుల సమావేశాలలో వేగంగా వ్యాపించింది. 2001లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ దే పాలియేర్, హెర్వే మార్లీ రూపొందించిన తోడేళ్ళ ఆట సోదెకత్తె, మంత్రగత్తె, వేటగాడు, రాత్రి దొంగచాటుగా కళ్ళు తెరవగల చిన్నపిల్ల వంటి పాత్రలతో వచ్చింది. ఆ చిన్నపిల్ల పాత్ర గమనించదగింది. ప్రమాదానికి ఓర్చి నిజంగా 'చూశాను' అనగల సాధారణ పౌరురాలు ఆమె. అయితే ఆ మాట చెప్పగానే ఆమె తోడేళ్ళ దృష్టిలో పడుతుంది. సాక్షిగా ముందుకు రావడానికి చెల్లించవలసిన మూల్యాన్ని ఈ పాత్ర ఆట నియమంలో భాగం చేసింది.

డాన్ ఎస్క్రిడ్జ్ 2009లో రూపొందించిన 'ద రెసిస్టెన్స్' మరో మలుపు. ఇందులో ఎవరూ చనిపోరు. ఐదు నుంచి పదిమంది ఆటగాళ్ళు విడతలవారీగా చిన్న బృందాలను ఓటుతో ఎన్నుకుని పనులకు పంపుతారు. బృందంలోని గూఢచారి రహస్యంగా పనిని చెడగొట్టవచ్చు. బృందంలో ఎవరున్నారో, దానికి ఎవరు ఓటు వేశారో, పని చెడిందో లేదో అందరికీ తెలుసు. అందరి కళ్ళముందు ఒక చర్య, దానికొక ఫలితం, చదవదగిన ఓటు చరిత్ర నిలిచాయి. దీని రూపాంతరమైన 'అవలాన్' 2012లో వచ్చింది. 2019లో అమెరికా పరిశోధకులు 'డీప్‌రోల్' అనే కృత్రిమ మేధను ఈ అవలాన్‌లో పరీక్షించారు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఎన్నికలనూ ఫలితాలనూ మాత్రమే చదివి, అది మనుషులకంటే మెరుగ్గా గెలిచింది. చర్యల సాక్ష్యం తగినంత ఉన్న ఆటలో మౌనంగా ఉన్నవాడు కూడా నిజాన్ని చేరుకోగలడని దీనివల్ల తెలుస్తుంది.

2016లో ఆటగాళ్ళకు చేరిన 'సీక్రెట్ హిట్లర్' ఈ సాక్ష్యాన్నే కలుషితం చేసింది. 17 విధానపు ముక్కలలో 11 ఫాసిస్టువి, 6 మాత్రమే ఉదారవాదులవి. అధ్యక్షుడు మూడు తీసి ఒకటి పారేస్తాడు, ఛాన్సలర్ మిగిలిన రెండింటిలో ఒకటి అమలు చేస్తాడు. మూడూ ఫాసిస్టు ముక్కలే వస్తే నిజాయతీపరుడు కూడా చెడ్డ విధానాన్నే అమలు చేయవలసి వస్తుంది. అప్పుడు 'నాకు వేరే దారి లేదు' అన్న నిజమూ అబద్ధమూ ఒకే వాక్యంగా వినిపిస్తాయి. ఫలితాన్ని అందరూ చూస్తారు, కారణాన్ని మాత్రం ఇద్దరి మాట మీద నమ్మాలి.

5. కంప్యూటర్ తెరపై: శవం, వీలునామా

కంప్యూటర్ ఆటలలో ఈ నమూనాను స్థిరపరచిన తొలి రచనల్లో, 'గ్యారీస్ మాడ్' వేదికపై 2009లో వచ్చిన 'ట్రబుల్ ఇన్ టెర్రరిస్ట్ టౌన్' ముఖ్యమైనది. ఇందులో కొందరు ద్రోహులు, ఒకరిద్దరు డిటెక్టివ్‌లు, మిగిలినవారు అమాయకులు. దవీదోవ్ ఆటలో చావు ఒక ప్రకటన మాత్రమే. ఇక్కడ చావు ఒక శవాన్ని మిగులుస్తుంది. ఆ శవాన్ని పరిశీలిస్తే మరణానికి కారణమైన ఆయుధం, గడిచిన సమయం వంటి వివరాలు దొరుకుతాయి.

ఈ ఆటలోని 'కర్మ' అనే నియమం పేరులోనే కాక భావంలోనూ మనకు పరిచితమైనది. తన పక్షంవారినే చంపిన ఆటగాడి కర్మ సంఖ్య తగ్గుతుంది. అది తగ్గినకొద్దీ తరువాతి ఆవృత్తులలో అతని దెబ్బలకు బలం తగ్గుతుంది. మాఫియాలో అమాయకుణ్ణి ఉరికి పంపినవాడు తరువాతి ఆటలో అదే అధికారంతో కూర్చుంటాడు. ఇక్కడ తొందరపాటు నిందకు ఒక ఖరీదు ఏర్పడింది. రహస్యపాత్రల ఆటల చరిత్రలో ఇది చిన్న మార్పుగా కనిపించినా నైతికంగా పెద్ద ముందడుగు.

2014లో బ్లాంక్ మీడియా గేమ్స్ సంస్థ విడుదల చేసిన 'టౌన్ ఆఫ్ సేలం' దీనికి భిన్నమైన దారి పట్టింది. ఇది పూర్తిగా రాతపూర్వకమైన ఆట. ఏడు నుంచి పదిహేనుమంది ఆటగాళ్ళు టైపు చేస్తూ వాదించుకుంటారు. నిందితుడికి తనను తాను సమర్థించుకునే సమయం ఉంటుంది, ఆ తరువాతే దోషి లేదా నిర్దోషి అని ఓటు పడుతుంది. ప్రతి ఆటగాడూ రాత్రివేళ తన వీలునామాలో తెలిసిన విషయాలను రాసుకోవచ్చు. మరణించాక అది అందరికీ కనిపిస్తుంది. నోటిమాటకు బదులు రాత సాక్ష్యం వచ్చింది. అయితే ఆటను రూపొందించినవారు అక్కడ ఆగలేదు. వీలునామాను మార్చివేసే కూటలేఖకుణ్ణి కూడా మాఫియా పక్షాన చేర్చారు. రాత ఉన్నచోట కూటలేఖ ఉంటుందన్నది శాసనాలనూ తాళపత్రాలనూ పరిష్కరించేవారికి కొత్త విషయం కాదు.

ఈ ఆట పేరు ఒక చారిత్రక విషాదం నుంచి వచ్చింది. మసాచుసెట్స్‌లోని సేలంలో 1692లో జరిగిన మంత్రగత్తెల విచారణలలో 19 మందిని ఉరితీశారు. విచారణకు లోబడడానికి నిరాకరించిన జైల్స్ కోరీని బరువుల కింద నలిపి చంపారు. సాక్షులు తమ కలలలో, దర్శనాలలో నిందితుల ఆకారాన్ని చూశామని చెబితే న్యాయస్థానం దాన్ని సాక్ష్యంగా స్వీకరించింది. నేరం ఒప్పుకున్నవారు బతికారు, నిర్దోషులమని నిలబడినవారు ఉరికంబమెక్కారు. ఇతరులు పరీక్షించలేని 'చూశాను' ఎంత ప్రమాదకరమో సేలం చెబుతుంది. ఆ పేరును వినోదానికి వాడుకున్న ఆట, నిందితుడికి సమర్థన సమయాన్ని నియమంగా ఇవ్వడం గమనించదగింది.

6. అమాంగ్ అస్: మౌనానికీ మాటకూ గోడ

అమెరికాకు చెందిన ఇన్నర్‌స్లాత్ అనే చిన్న సంస్థ 2018 జూన్‌లో 'అమాంగ్ అస్'ను మొబైల్ ఫోన్లకు విడుదల చేసింది. మాఫియాతో పాటు, జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ద థింగ్' చిత్రం దీనికి ప్రేరణ. మంచుఖండపు స్థావరంలో మనుషుల రూపం ధరించగల జీవి చిక్కుకుంటే ఎవరు ఎవరిని నమ్మాలన్నది ఆ చిత్ర కథ. రెండేళ్ళపాటు పెద్దగా గుర్తింపు లేని ఈ ఆట 2020లో, ప్రపంచం ఇళ్ళకే పరిమితమైన కాలంలో, ప్రత్యక్ష ప్రసారకుల వల్ల ఒక్కసారిగా వ్యాపించింది. బ్రెజిల్, మెక్సికో, దక్షిణ కొరియా ప్రసారకులు ముందుండగా అమెరికా వారు తరువాత అందుకున్నారు. 2020 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓటుహక్కు ప్రచారం కోసం ఈ ఆటను ప్రసారం చేసినప్పుడు ఏకకాలంలో 4 లక్షలమందికి పైగా చూశారు. ఆ ఏడాది ఆగస్టులో ప్రకటించిన రెండవ భాగాన్ని సంస్థ మరుసటి నెలలోనే విరమించుకొని, ఉన్న ఆటనే మెరుగుపరచడానికి పూనుకొంది.

ఈ ఆదరణకు లాక్‌డౌన్ ఒక్కటే కారణమంటే నియమాల గొప్పతనం మరుగున పడుతుంది. మాఫియాలో రాత్రి కళ్ళు మూసుకోవాలి. అమాంగ్ అస్‌లో కళ్ళు తెరిచే ఉంటాయి, నోరు మూసుకోవాలి. ఆటగాళ్ళు అంతరిక్ష నౌకలో తిరుగుతూ వైర్లు కలపడం, చెత్త పారబోయడం వంటి చిన్న పనులు చేస్తుంటారు. వారిలో ఒకరు నుంచి ముగ్గురి వరకు మోసగాళ్ళు. నౌకలో తిరిగేటప్పుడు చాట్ మూసి ఉంటుంది. శవం కనిపించినప్పుడో అత్యవసర బటన్ నొక్కినప్పుడో మాత్రమే సభ తెరుచుకుంటుంది. చూసే కాలం, మాట్లాడే కాలం ఇలా విడిపోయాయి. అందుకే సభలో మొదట పుట్టే ప్రశ్న 'ఎవరు?' కాదు, 'ఎక్కడ?'. స్థలాన్ని అడిగిన మరుక్షణం ప్రతి మాటా ఇతరుల చూపుతో సరిపోల్చదగినదిగా మారుతుంది.

అయితే ఆ చూపు పూర్తిది కాకుండా ఆట జాగ్రత్త పడుతుంది. అడ్మిన్ గదిలోని పటం ఏ గదిలో ఎంతమంది ఉన్నారో చూపుతుంది, ఎవరున్నారో చూపదు. కెమెరాలో ఎవరైనా చూస్తున్నప్పుడు ఎర్రదీపం వెలుగుతుంది కనుక మోసగాడు జాగ్రత్తపడవచ్చు. దీపాలు ఆర్పితే పనివారి చూపు కుంచించుకుపోతుంది. కొన్ని పనులు ఇతరులకు కనిపిస్తాయి, మోసగాడు వాటిని నటించలేడు. ఎక్కువ పనులు మాత్రం బయటికి కనిపించవు. 'చూశాను' అన్న హక్కు అందరికీ దక్కింది, కానీ ముక్కలుముక్కలుగా. ఆ ముక్కలను అతికించే పనిని సభకు వదిలారు. చనిపోయినవారు సైతం ఆత్మలుగా తమ పనులు పూర్తిచేసి పక్షానికి తోడ్పడవచ్చు.

ఈ సభ తెలుగులో జరిగితే 'అట' పాత్ర స్పష్టమవుతుంది. 'ఎర్రవాడు కరెంటు గదిలో ఉన్నాడు' అని ఒకరు అంటారు. దాన్ని విన్న మరొకరు 'ఎర్రవాడు కరెంటు గదిలో ఉన్నాడట' అంటారు. మూడవవాడు తొందరలో 'ఎర్రవాడు కరెంటు గదిలో ఉన్నాడు, ఓటెయ్యండి' అంటాడు. మూడో వాక్యంలో మోసం లేదు, నిర్లక్ష్యం మాత్రమే ఉంది. అయినా ఒక్క సాక్షి ఇద్దరు సాక్షులయ్యాడు. గడియారం తరుముతున్న చాట్‌లో మొదట ఎగిరిపోయేది ఇటువంటి చిన్న పదమే. పైగా ఆంగ్లలిపిలో తెలుగు రాసే అలవాటున్న చాట్‌లో 'ఆట', 'అట' ఒకే అక్షరాలతో కనిపిస్తాయి. మోసగాడు గెలవడానికి అన్నిసార్లూ గొప్ప అబద్ధం అక్కరలేదు. నిజాయతీపరులు 'అట'ను మరచిపోతే చాలు.

7. దూరాన్ని బట్టి వినిపించే గొంతు

తరువాతి ఆటలు మాటకు కూడా స్థలాన్ని కల్పించాయి. 2019లో వచ్చిన 'ప్రాజెక్ట్ వింటర్'లో మంచులో చిక్కుకున్న బృందం మరమ్మతులు చేసుకొని బయటపడాలి. వారిలో ద్రోహులుంటారు. ఇందులో గొంతు దగ్గర ఉన్నవారికే వినిపిస్తుంది, దూరమైతే రేడియో కావాలి. అంటే మాట కూడా ఎవరో విన్న, ఎవరో వినని సంఘటన అవుతుంది. 'అతను నాతో ఇలా అన్నాడు' అన్నదే కొత్త వివాదాంశం. 2021లో వచ్చిన 'గూస్ గూస్ డక్' ఈ పద్ధతిని అమాంగ్ అస్ తరహా ఆటకు జోడించింది. చైనా ఆటగాళ్ళ ఆదరణతో 2023 జనవరిలో స్టీమ్ వేదికపై ఏకకాలంలో ఆడేవారి సంఖ్య 7 లక్షలు దాటింది. ఇందులో డోడో పక్షి పాత్ర వచ్చినవాడు, అందరూ తనకు ఓటు వేసి గెంటేస్తే గెలుస్తాడు. టౌన్ ఆఫ్ సేలంలోని విదూషకుడి పాత్ర కూడా ఇటువంటిదే. వింతగా ప్రవర్తించినవాడే దొంగ అన్న భుజాల సామెత తర్కాన్ని ఈ పాత్రలు తలకిందులు చేస్తాయి. ఇక్కడ భుజాలు తడుముకునేవాడు కావాలనే తడుముకుంటున్నాడు.

గొంతు వల్ల ఆటకు నాటకీయత వచ్చింది, దానితో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. రాతలో దాగే స్త్రీపురుష భేదం, ప్రాంతం, వయసు, యాస గొంతులో బయటపడతాయి. అపరిచితుల మధ్య అవి అవహేళనకూ, ఆధారం లేని అనుమానానికీ కారణం కావచ్చు. తడబడే గొంతును అబద్ధంగా భావించడం ఈ ఆటలలో తేలికగా జరిగే పొరపాటు.

8. ఆడదగిన ఆటకు ప్రమాణాలు

పై చరిత్ర ఆధారంగా, ఈ కోవలో ఆడదగిన ఆటను ఎంచుకోవడానికి నాలుగు ప్రశ్నలను సూచించవచ్చు.

మొదటిది, సాక్ష్యం ఉన్నదా, అది అసంపూర్ణంగా ఉన్నదా? సాక్ష్యం బొత్తిగా లేకపోతే పెద్దగొంతు గెలుస్తుంది, సంపూర్ణంగా ఉంటే చర్చ అక్కరలేదు. ఈ తూకంలో అమాంగ్ అస్, అవలాన్ ముందుంటాయి. రెండవది, తక్కువ మాట్లాడేవారికి చోటున్నదా? టౌన్ ఆఫ్ సేలంలోని వీలునామా, సమర్థన సమయం మితభాషులకు కూడా వినిపించే హక్కునిస్తాయి. మూడవది, తప్పుడు నిందకు ఖరీదు ఉన్నదా? ట్రబుల్ ఇన్ టెర్రరిస్ట్ టౌన్ ఇందుకు ఆదర్శం. నాల్గవది, ఓడినవారికి ఏమి మిగులుతుంది? మొదటి రాత్రే చనిపోయి గంటసేపు మౌనంగా కూర్చునే ఆట కంటే, ఆత్మలకు పని ఇచ్చే అమాంగ్ అస్, ఎవరినీ తొలగించని ద రెసిస్టెన్స్ మేలు.

ప్రాజెక్ట్ వింటర్, గూస్ గూస్ డక్ వంటి గొంతు ప్రధానమైన ఆటలను పరిచయస్థులతో ఆడడం మంచిది. తరగతిగదిలో వాదనను, సాక్ష్య విమర్శను బోధించదలచిన అధ్యాపకులకు ఏ పరికరమూ అక్కరలేని మాఫియా అందుబాటులోనే ఉంది. ఆ ఆటలో ఒకే ఒక అదనపు నియమం పెట్టవచ్చు: విన్నది చెప్పేటప్పుడు 'అట' చేర్చి, ఎవరి నుంచి విన్నారో చెప్పాలి. చర్చ ఎంత మారుతుందో విద్యార్థులే గమనిస్తారు.

9. ఆట వెలుపల

ఈ చర్చ వినోదానికే పరిమితం కాదు. అమాంగ్ అస్ విడుదలైన 2018లోనే, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్ ద్వారా వ్యాపించి, తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో పలుచోట్ల మూకదాడులు జరిగాయి. నిరపరాధులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది చేసిన నేరం కొత్త ఊరిలో, కొత్త యాసతో, అపరిచితులుగా కనిపించడమే. అదే ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ, ఇతరుల నుంచి వచ్చిన సందేశాన్ని పంపినప్పుడు దానిపై 'ఫార్వర్డెడ్' అన్న ముద్రను చేర్చింది. భారతదేశంలో ఒకేసారి ఐదు సంభాషణలకు మించి పంపకుండా పరిమితి విధించింది. ఆ ముద్ర చేసే పని తెలుగులో 'అట' ఎప్పటినుంచో చేస్తున్నదే: ఇది నేను చూసింది కాదు, నాకు చేరింది. వాక్యంలో ఉండవలసిన పూచీ గుర్తును మనుషులు జారవిడిచినప్పుడు యంత్రం దాన్ని తిరిగి అతికించవలసి వచ్చింది.

ఆటలో తప్పుగా గెంటివేయబడినవాడు తరువాతి ఆవృత్తిలో తిరిగి వస్తాడు. 2018లో మూక చేతిలో పడినవారికి తరువాతి ఆవృత్తి లేదు. రెండింటిలోనూ గుంపు తీర్పు చెప్పే తీరు మాత్రం ఒక్కటే. ఆ తీరును ప్రాణనష్టం లేని చోట చూసుకొనే అవకాశం ఇవ్వడమే ఈ ఆటలను పరిశీలనార్హం చేస్తున్నది.

10. ముగింపు

• రహస్యపాత్రల ఆటల మూలసూత్రం 1986 నాటి మాఫియాతో స్థిరపడింది. విషయం తెలిసిన కొద్దిమందికి ఆ తెలియడమే బలమని చిన్న లెక్కలు కూడా చూపుతాయి.

• బల్లమీది ఆటలు ఓటునూ ఫలితాన్నీ, కంప్యూటర్ ఆటలు శవాన్నీ వీలునామానూ స్థలాన్నీ సాక్ష్యాలుగా చేర్చాయి. సాక్ష్యం చేరిన ప్రతిసారీ దాన్ని చెరిపే పాత్రో నియమమో కూడా చేరింది.

• వీడియో ఆట చేసిన విశిష్టమైన పని చూసే కాలాన్నీ మాట్లాడే కాలాన్నీ వేరుచేయడం. అమాంగ్ అస్ విజయానికి ఇది ముఖ్య కారణం.

• తప్పుడు నిందకు మూల్యం, మితభాషికి చోటు, అసంపూర్ణ సాక్ష్యం, ఓడినవారికి పాత్ర అన్నవి ఆడదగిన ఆటకు ప్రమాణాలుగా నిలుస్తాయి.

• 'అట' వంటి వ్యాకరణాంశాన్ని క్రీడాసంభాషణలకు అన్వయించడం వల్ల తెలుగు భాషాధ్యయనానికి కొత్త క్షేత్రం ఏర్పడుతుంది. తెలుగువారు ఆడే ఆటల్లోని సంభాషణలను, వారి అనుమతితో సేకరించి పరిశీలించడం భావి పరిశోధకులు చేపట్టదగిన పని.